ఏ520 చాలునా, బీ550 తప్పదా?

కూకట్‌పల్లి వాసి:
మా తమ్ముడికి తక్కువ ఖర్చులో గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించాలనుకుంటున్నాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు ఖాయం చేసుకున్నాం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే, ఇద్దరు ఏ520 మదర్‌బోర్డు చాలన్నారు. మిగిలిన ఇద్దరు బీ550 తీసుకోకపోతే ఏడాదిలోపే బోర్డు పోతుందని భయపెట్టారు. మాకు చెప్పిన ధరల్లో తేడా మూడు వేలు. ఎవరి మాట నమ్మమంటారు?

మల్కాజిగిరి సభ్యుడు:
ఏ520 చాలునండి. భయపెట్టినవారు చిప్‌సెట్ (బోర్డులోని ప్రధాన నియంత్రణ చిప్; ఏ520, బీ550 అనేవి వాటి పేర్లే) పేరునూ బోర్డు మన్నికనూ కలిపేశారు. చిప్‌సెట్ నిర్ణయించేది బోర్డులో ఏయే సౌకర్యాలు ఉండాలన్నది మాత్రమే. ఎంతకాలం నిలబడుతుందన్నది చాలావరకు ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎం మీద, దాని వేడిని లాగే హీట్‌సింక్ మీద ఆధారపడుతుంది. 5600 అనేది 65 వాట్ల ప్రాసెసర్. ఫ్యాక్టరీ సెట్టింగుల్లో దాని గరిష్ఠ పరిమితి 76 వాట్లు. ఆ మాత్రం బరువు సాధారణ వీఆర్‌ఎం మోయగలదు. ఏ520లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (నిర్ణీత వేగాన్ని మించి నడపడం) కుదరదు, గ్రాఫిక్స్ కార్డును బోర్డుకు కలిపే పీసీఐఈ కూడా వేగం తక్కువైన 3.0 తరం వరకే. అయితే ఆర్‌ఎక్స్ 6600 ఎనిమిది లేన్లు (డేటా వెళ్లే దారులు) వాడుకుంటుంది కనుక ఆటలో నష్టం స్వల్పమే. నాలుగే లేన్లున్న ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయివుంటే నేనే బీ550 కొనమనేవాణ్ణి. ఆ మూడు వేలు మంచి పవర్ సప్లై మీద పెట్టండి.

దిల్‌సుఖ్‌నగర్ సభ్యుడు:
నేను ఒప్పుకోనండి. 76 వాట్లు నేటి లెక్క. రెండేళ్ల తర్వాత అదే సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోట) రైజెన్ 5800ఎక్స్ ప్రాసెసర్ పెట్టుకుంటే పరిమితి 142 వాట్లకు చేరుతుంది. పైగా మన ఊరి మే నెలను లెక్కలోకి తీసుకోవాలి. నా చవక బోర్డుకు వీఆర్‌ఎం మీద హీట్‌సింక్ లేదు; పై అంతస్తు గదిలో మూడో వేసవికి, అరగంట ఆడగానే ఆట నత్తనడక పట్టేది. దుకాణంవారు గ్రాఫిక్స్ కార్డును తప్పుపట్టారు, నేనూ నమ్మి దాన్ని అమ్ముకోబోయాను. చివరికి బోర్డు పక్కన చిన్న ఫ్యాను పెడితే నయమైంది.

మల్కాజిగిరి సభ్యుడు:
మీరు చెప్పినది హీట్‌సింక్ లేని బోర్డు కథ, ఏ520 కథ కాదు. బీ550 పేరుతోనూ హీట్‌సింక్ లేని బోర్డులు వస్తున్నాయి, ఏ520లో ఉన్నవీ దొరుకుతున్నాయి. డబ్బా మీది పేరు చదవడం కంటే బోర్డు ఫొటో చూడటం మేలు. 5800ఎక్స్ లాంటి 105 వాట్ల ప్రాసెసర్‌కు మారడం ఖాయమైతే మాత్రం మీ మాటే సరైనది; అప్పుడు దానికి తగిన బోర్డే ఇప్పుడు కొనాలి.

కూకట్‌పల్లి వాసి:
తమ్ముడిని అడిగాను, ప్రాసెసర్ మార్చే ఆలోచన లేదన్నాడు. మాదీ పై అంతస్తే కనుక హీట్‌సింక్ ఉన్న ఏ520 చూస్తాను.

దిల్‌సుఖ్‌నగర్ సభ్యుడు:
అయితే ఒక్క జాగ్రత్త. ఏ520 బోర్డులు 2020లో వచ్చాయి, మీ 5600 వచ్చింది 2022లో. పాత సరుకైతే బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయనిదే తెర వెలగకపోవచ్చు. దుకాణంలోనే ప్రాసెసర్ బిగించి, ఆన్ చేసి చూపించమనండి. బిల్లు మీద బోర్డు సీరియల్ నంబరు రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.