హాస్టల్ మెస్‌లో రోజూ పారేసే అన్నం, క్యాంపస్‌లో తగలబెట్టే ఆకులు: ఎక్కడ మొదలుపెట్టాలి?

కానుగనీడ:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక పెద్ద యూనివర్సిటీలో పీజీ సెకండియర్ చదువుతున్నాను, పేరు రాయడం లేదు. మా హాస్టల్‌లో 420 మంది ఉంటాం. రాత్రి భోజనాలయ్యాక ప్లేట్లు పడేసే చోట మూడు నీలం డ్రమ్ములు పెడతారు, తొమ్మిదిన్నరకల్లా మూడూ నిండుతాయి, నిండా అన్నం, పప్పు, సాంబారు, అప్పుడప్పుడు ముట్టుకోని చపాతీలు కూడా. మాది వరి పండించే ఇల్లు. నాటు దగ్గర్నుంచి కోత దాకా ఎంత పని ఉంటుందో చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఆ డ్రమ్ముల పక్కన నిలబడి చెయ్యి కడుక్కోవాలంటే కష్టంగా ఉంటుంది.

ఇంకో సంగతి. మెస్ వెనకాల రోడ్డంతా కానుగ, వేప చెట్లే. జనవరి నుంచి మార్చి దాకా ఆకు రాలుతూనే ఉంటుంది, పొద్దున్నే ఊడ్చే అక్కలు కుప్పలు చేస్తారు, ఎనిమిదింటికి నిప్పు పెడతారు. పొగ నేరుగా గ్రౌండ్ ఫ్లోర్ రూముల్లోకి వస్తుంది, మా పక్క రూంలో ఆస్తమా ఉన్న జూనియర్ ఒకడు ఆ టైంకి లైబ్రరీకి వెళ్ళిపోతాడు. అక్కల్ని అడిగితే, ఎత్తుకుపోవడానికి బండి రాదు, సంచులు ఇవ్వరు, తొమ్మిదికల్లా రోడ్డు శుభ్రంగా కనిపించాలి, మేమేం చెయ్యాలి అన్నారు. వాళ్ళ మాట న్యాయమే కదా.

మేం ఐదుగురం ఉన్నాం. "అన్నం పరబ్రహ్మ స్వరూపం" అని పోస్టర్లు వేసి మెస్‌లో అంటించాం, నెల అయింది, డ్రమ్ముల్లో ఏ తేడా లేదు. మే నెలలో మేం వెళ్ళిపోతాం. మేం వెళ్ళాక కూడా నడిచే పని ఒక్కటైనా చెయ్యాలని ఉంది. మీ హాస్టళ్ళలో ఎవరైనా చేసి ఉంటే దయచేసి ఏం పనిచేసిందో, ఏం పనిచెయ్యలేదో రెండూ చెప్పండి.

పాత మెస్ సెక్రటరీ:
తమ్ముడూ, నేను రెండేళ్ళు మెస్ కమిటీలో చేశాను, మాది డివైడింగ్ సిస్టం, అంటే నెలంతా అయిన ఖర్చును తిన్నవాళ్ళందరికీ పంచి బిల్లు వేస్తారు. మీదీ అదే అయితే ముందు ఈ మాట అందరికీ చెప్పండి: డ్రమ్ములో పడే ప్రతి గరిటెడు అన్నానికీ డబ్బు కట్టేది మనమే. పోస్టర్ కంటే బిల్లే గట్టిగా మాట్లాడుతుంది.

కానీ దానికంటే ముందు తూకం వెయ్యండి. మేం కూడా స్టూడెంట్లు ప్లేట్లలో వదిలేస్తున్నారనే అనుకున్నాం. పాత కాటా ఒకటి తెచ్చి వారం రోజులు మూడు రకాలుగా విడదీసి తూచాం: కూరగాయల తొక్కలు, ప్లేట్లలో మిగిలింది, అసలు వడ్డించకుండానే గుండిగల్లో మిగిలిపోయింది. సగానికి పైగా ఆ మూడోదే! అంటే తప్పు తినేవాడిది కాదు, లెక్కది. శుక్రవారం సాయంత్రం సగం మంది ఊళ్ళకు వెళ్ళిపోతారు, వంటమాస్టర్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పరు, ఆయన రిజిస్టర్‌లో ఉన్న సంఖ్యకే బియ్యం పోస్తాడు. తక్కువైతే తిట్లు తినేది ఆయనే కదా, అందుకని రెండు కిలోలు ఎక్కువే పోస్తాడు.

మేం చేసింది ఇదీ. రాత్రి భోజనానికి రానివాళ్ళు ఉదయం 10 లోపు వాట్సాప్ గ్రూప్‌లో చెప్పాలి, ఆ సంఖ్య పదకొండుకి మాస్టర్ చేతికి వెళ్ళాలి. అన్నం ఒకేసారి వండకుండా రెండు వాయిలుగా వండమన్నాం, రెండో వాయి ఎనిమిదింటికి క్యూ చూసి పెట్టాలి. ఇక్కడ మాస్టర్ ఒప్పుకోకపోతే ఏదీ జరగదు. మొదట ఆయన ససేమిరా అన్నాడు, గ్యాస్ ఎక్కువవుతుంది, హెల్పర్లు తొమ్మిది దాటితే ఉండరు అని. ఒక్క పూట తక్కువైతే ఆయన్ని ఎవరూ ఏమీ అనకుండా మేమే క్యూ దగ్గర నిలబడి సమాధానం చెబుతామని మాటిచ్చాం, రెండుసార్లు నిజంగానే తక్కువైంది, నిలబడ్డాం. ఆ తర్వాతే ఆయన మా మనిషయ్యాడు.

ప్లేట్లలో మిగిలేదానికి కారణం చాలావరకు రుచి. ఉప్మా రోజు డ్రమ్ము నిండితే ఉప్మా బాగాలేదని అర్థం, పిల్లలకు బుద్ధి లేదని కాదు. కూర గరిటె మార్చి చిన్నది పెట్టించండి, కావాలంటే మళ్ళీ వేసుకుంటారు. మా దగ్గర పనిచెయ్యనిది జరిమానా. వదిలేస్తే 20 రూపాయలు అని పెట్టాం, గొడవలయ్యాయి, పది రోజుల్లో ఎత్తేశాం.

కానుగనీడ:
అన్నా, మూడు రోజులు తూచాం. బుధవారం మొత్తం 46 కిలోలు, అందులో గుండిగల్లో మిగిలిందే 27. గురువారం 39. శుక్రవారం రాత్రి 71! మీరు చెప్పినట్టే ఉంది. నేను నెల రోజులుగా తోటివాళ్ళ మీద కోపం పెంచుకున్నాను, అది తప్పని ఇప్పుడు తెలుస్తోంది. వాట్సాప్ లెక్క సోమవారం నుంచి మొదలుపెడుతున్నాం. ఒక డౌట్: దగ్గర్లో గేదెలున్న ఆయన మిగిలిన అన్నం మొత్తం తనకిచ్చెయ్యమంటున్నాడు, రోజూ వచ్చి తీసుకెళ్తాడట. ఇచ్చేస్తే సమస్య తీరిపోయినట్టేనా?

నల్లరేగడి:
ఇవ్వకండి, లేదా ఇచ్చే ముందు ఆయనతో మాట్లాడండి. నేను బాపట్లలో అగ్రికల్చర్ చదివాను, మా నాన్నగారికి ఇప్పటికీ పశువులున్నాయి. గేదెకి, ఆవుకి వండిన అన్నం ఒక్కసారిగా ఎక్కువ పెడితే లోపల పిండిపదార్థం వేగంగా పులిసి కడుపులో ఆమ్లం పెరిగిపోతుంది, నెమరు ఆగిపోతుంది, పొట్ట ఉబ్బుతుంది, చూసుకోకపోతే పశువు చచ్చిపోతుంది. పెళ్ళిళ్ళ తర్వాత మిగిలిన అన్నం తిని పశువులు చనిపోయిన ఊళ్ళు చాలా ఉన్నాయి. పైగా మీ డ్రమ్ములో పెరుగు కవర్లు, ఊరగాయ పాకెట్లు కూడా పడుతుంటాయి. కూరగాయల తొక్కలు, క్యారెట్ ఆకులు, క్యాబేజీ పైపొరలు శుభ్రంగా వేరు చేసి ఆయనకివ్వండి, అవి మంచివి.

మిగతాదానికి మందు మీ రోడ్డు మీదే రాలుతోంది. అన్నం, కూరలు తడిగా ఉంటాయి, నత్రజని ఎక్కువ, ఒక్కటే కుప్ప పోస్తే గాలాడక కుళ్ళి కంపు కొడుతుంది. ఎండాకుల్లో కర్బనం ఎక్కువ, ఒక్కటే వదిలేస్తే ఏడాదైనా చివకదు. రెండూ కలిస్తే ఎరువు. కొలత సులువు: ఒక బకెట్ అన్నానికి మూడు బకెట్లు ఎండాకులు. ఇనుప జాలీని నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు వచ్చేలా గుండ్రంగా చుట్టి నేల మీద నిలబెట్టండి. కింద జానెడు ఆకులు, పైన బెత్తెడు మందాన తడి చెత్త, మళ్ళీ ఆకులు, మధ్యమధ్యలో కాస్త పేడనీళ్ళు చల్లండి. ఎప్పుడూ పైన కనిపించేది ఆకే అయ్యుండాలి, అప్పుడు ఈగలు రావు. మూడో రోజుకి లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, 55-60 డిగ్రీల దాకా పోతుంది, అది మంచి గుర్తు. వారానికోసారి పారతో తిరగెయ్యాలి. గుప్పెడు తీసి పిండితే వేళ్ళ మధ్య చెమ్మ తగలాలి, నీళ్ళు కారకూడదు. నీళ్ళు కారితే ఇంకొంచెం ఆకు వెయ్యండి. రెండున్నర, మూడు నెలలకు నల్లగా, వాన పడ్డ మట్టి వాసన వచ్చే ఎరువు చేతికొస్తుంది. సాంబారు, పులుసులు వడకట్టి వెయ్యండి. ఎముకలు, మాంసం వెయ్యొద్దు, కుక్కలు, పందికొక్కులు వదలవు.

కానుగ ఆకు అయితే మీ అదృష్టం, మన రైతులు పచ్చి ఆకునే పొలంలో తొక్కించేవాళ్ళు. యూకలిప్టస్ ఆకు మాత్రం విడిగా పెట్టండి, చివకడానికి చాలా టైం తీసుకుంటుంది.

ఎర్రమన్ను:
అన్నీ బాగున్నాయి కానీ ఒక మాట సూటిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. ఇది ఐదుగురు స్టూడెంట్లు చదువు మానుకుని చేసే పని కాదు. 2016 ఘన వ్యర్థాల నియమాల్లోనే రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే సంస్థల్ని బల్క్ వేస్ట్ జనరేటర్లుగా గుర్తించారు, యూనివర్సిటీలూ హాస్టళ్ళూ ఆ నిర్వచనంలో పేరుపెట్టి ఉన్నాయి, వీలైనంత వరకు తడి చెత్తను తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చాలి. ఆకులు కాల్చడం కూడా అంతే. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని నిషేధించింది, మామూలుగా కాలిస్తే 5,000, పెద్దఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు కట్టాలని చెప్పింది. మీరు జాలీలు కట్టుకుంటూ కూర్చుంటే పైవాళ్ళు పిల్లలు చూసుకుంటున్నారులే అని ఊరుకుంటారు.

హైదరాబాద్‌లోనే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చూడండి. రోజుకు దాదాపు పది టన్నుల మార్కెట్ చెత్తతో గ్యాస్, దాంతో కరెంటు తీస్తున్నారు, ఆ పరిజ్ఞానం తార్నాకలోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తలదే. అంత పెద్దది అక్కర్లేదు, క్యాంపస్‌లోని హాస్టళ్ళన్నీ కలిపి ఒక చిన్న ప్లాంట్ పెట్టమని లిఖితపూర్వకంగా అడగండి. గ్యాస్ మెస్‌లోనే వాడుకోవచ్చు.

పాత మెస్ సెక్రటరీ:
ఎర్రమన్ను గారూ, మీరన్నది నిజమే, అడగాల్సిందే. కానీ ఉత్త చేతులతో వెళ్ళి అడిగితే "చూద్దాం" అంటారు. మూడు నెలల తూకాల పుస్తకం, ఒక బస్తా ఎరువు టేబుల్ మీద పెట్టి అడిగితే మాట వేరుగా ఉంటుంది. రెండూ కలిసే జరగాలి. కమిటీలో ఫస్టియర్లను ఇద్దరినైనా చేర్చుకోండి, లేకపోతే మే తర్వాత ఆ పుస్తకం రాసేవాళ్ళుండరు.

మల్లెపందిరి:
లేడీస్ హాస్టల్ నుంచి రాస్తున్నాను. చెత్త సంగతి అందరూ చెప్పారు, కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా రూముల్లో పాత ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్ల దాకా తాగుతుంది. కొత్తరకం మోటారు ఉండే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో తిరుగుతుంది. 300 రూములు, రోజుకు 12 గంటలు అనుకుంటే రోజుకు 162 యూనిట్లు మిగులుతాయి, కాగితం మీద లెక్క వేసి చూసుకోండి. డబ్బాలాంటి పాత రెగ్యులేటర్ ఉన్న రూంలో స్పీడు తగ్గించినా కరెంటు పెద్దగా తగ్గదు, మిగిలింది వేడిగా పోతుంది. మాకు విడిగా కరెంటు బిల్లు రాదు కాబట్టి ఇవేవీ ఎవరికీ కనిపించవు. అన్నీ ఒకేసారి మార్చమని మేం అడగలేదు, కాలిపోయిన ఫ్యాన్ స్థానంలో మళ్ళీ పాతరకం కొనొద్దని మాత్రం వార్డెన్ మేడంకి అర్జీ ఇచ్చాం, ఒప్పుకున్నారు. ఇప్పటికి 14 మారాయి.

ఊడ్చే అక్కల విషయంలో ఒక విన్నపం. జరిమానా గురించి వాళ్ళ ముందు మాట్లాడకండి, భయపడేది, ఉద్యోగం పోయేది వాళ్ళకే. సంచులు మీరు కొనిచ్చి, ఎక్కడ పొయ్యాలో చూపించండి, వాళ్ళ సూపర్‌వైజర్‌తో మీరే మాట్లాడండి. మా దగ్గర పాత బియ్యం గోనెసంచులు మెస్ నుంచే తీసుకున్నాం.

పాడేరు పిల్ల:
ఫెస్టులు చేసేవాళ్ళకి ఒక్క మాట. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు నిషేధం కదా అని అందరూ పేపర్ కప్పులకి మారారు, వాటి లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఎరువు గుంటలో వేస్తే పేపర్ పోయి ఆ పొర మిగులుతుంది. విస్తర్లలో కూడా కింద ప్లాస్టిక్ అతికించినవి అమ్ముతున్నారు, తిప్పి చూసి కొనండి. మా ఏజెన్సీలో ఆడవాళ్ళు అడవికెళ్ళి అడ్డాకులు తెచ్చి పుల్లలతో కుట్టి సంతలో అమ్ముతారు. అవి తిన్నాక నేరుగా నల్లరేగడి గారు చెప్పిన జాలీలో వేసెయ్యొచ్చు. వైజాగ్‌లో మేం డిపార్ట్‌మెంట్ ఫంక్షన్‌కి అవే తెప్పించాం, 250 మందికి సరిపోయాయి.

కానుగనీడ:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. లెక్క మొదలుపెట్టి మూడు వారాలైంది, నిన్న శుక్రవారం రాత్రి 71 కాదు, 33 కిలోలు. మాస్టర్ రెండో వాయికి ఒప్పుకున్నాడు, శనివారాలు మాత్రం కుదరదన్నాడు. జాలీలు రెండు కట్టాం, మొదటిది వేడెక్కింది, రెండోదాంట్లో ఆకు తక్కువై వాసన వచ్చింది, సరిచేశాం. మెస్ వెనక రోడ్డు మీద పది రోజులుగా నిప్పు పెట్టలేదు, మెయిన్ గేటు వైపు ఇంకా కాలుస్తూనే ఉన్నారు. ఫస్టియర్లు ముగ్గురు చేరారు, పుస్తకం ఇప్పుడు వాళ్ళే రాస్తున్నారు.

నల్లరేగడి గారూ, ఏప్రిల్ దాటితే ఆకు రాలదు కదా, జులైలో వానలు పడుతుంటే జాలీకి ఏం చెయ్యాలి?

నల్లరేగడి:
ఇప్పుడే దాచండి. మెస్ గోనెసంచులు నింపి సైకిల్ షెడ్డులో పేర్చితే చాలు, తడవకూడదు అంతే. మీ లెక్కకి రోజుకు రెండు మూడు సంచులు పడతాయి, కాబట్టి కనీసం 200 సంచులు. జాలీ మీద టార్పాలిన్ బిగించి కప్పకండి, గాలాడదు. నాలుగు కర్రలు పాతి ఒక పాత రేకు ఏటవాలుగా వెయ్యండి, చుట్టూ బెత్తెడు లోతున కాలవ తియ్యండి. రెండో జాలీ ఫోటో పెట్టండి, చూసి చెబుతాను.