లాటిన్‌లో "లెక్కలకు సంబంధించిన" అనడానికి ఏ విశేషణం సరైనది?

లాటిన్ చదువుకున్నవాళ్లు ఎవరైనా సాయం చేయగలరా? మా అమ్మాయి స్కూల్లో గణిత ప్రదర్శన ఉంది. తను రోమన్ల చేతి అబాకస్ (పూసలు జరుపుతూ లెక్కలు చేసే పలక) నమూనా చేస్తోంది. కంచు పలక, దానిలో గాడులు, కింది గాడిలో నాలుగు పూసలు, పైన అయిదు విలువ గల ఒక పూస. నమూనా చక్కగా వస్తోంది. దాని కింద లాటిన్‌లో పేరు రాయాలని తన కోరిక.

"కల్కులుస్" అంటే చిన్న గులకరాయి అనీ, రాళ్లతో లెక్కపెట్టడం వల్లే లెక్క అనే అర్థం వచ్చిందనీ తెలుసు. దాన్నుంచి వచ్చిన విశేషణాల దగ్గరే చిక్కు. "కల్కులోసుస్" అంటే గులకరాళ్లతో నిండినది అని ఉంది కాబట్టి అది పనికిరాదు. "కల్కులాతోరియుస్" మాత్రం సరిపోయేలా ఉంది. "రతియోనారియుస్" కూడా కనిపించింది కానీ అది జమాఖర్చుల వైపు మొగ్గుతుందేమో అనిపిస్తోంది. రోమన్ చక్రవర్తి అగస్టస్ సామ్రాజ్యపు లెక్కల పుస్తకాన్ని "రతియోనారియుమ్" అనేవారు కదా.

నా సందేహం ఇదీ. "అబాకుస్" పుంలింగం కాబట్టి "అబాకుస్ కల్కులాతోరియుస్" అనాలి, "తాబులా" (పలక) స్త్రీలింగం కాబట్టి "తాబులా కల్కులాతోరియా" అనాలి అనుకుంటున్నాను. ఈ పొత్తు సరైనదేనా? రెండింటిలో రోమన్ చెవికి ఏది సహజంగా ఉంటుంది? "అబాకుస్" అన్నాక ఆ విశేషణం అసలు అవసరమా?

ఇంకొకటి, పిల్ల దాన్ని అందరి ముందు పైకి చదవాలి. "తో" దగ్గర దీర్ఘం, తెలుగు త లాంటి ధ్వని సరేనా? తప్పు పేరు చెక్కించకూడదని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.