తెల్లగోడల అద్దె ఫ్లాట్‌కి రంగుల కార్పెట్: ఏది కొనాలి?

వైట్‌ఫీల్డ్_శ్రావణి: నమస్తే అందరికీ. మాది బెంగళూరులో అద్దె ఫ్లాట్, గోడకి మేకు కొట్టనివ్వరు, రంగు మార్చనివ్వరు, అందుకే రంగంతా నేల మీదే పరుద్దామని ఉంది. ఆవపువ్వు పసుపు, ఇటుక ఎరుపు, నెమలికంఠం నీలం పెద్ద పెద్ద ముక్కలుగా ఉన్న డిజైన్ ఒకటి షాపులో చూశాను, మనసు అక్కడే ఉండిపోయింది. హ్యాండ్ టఫ్టెడ్ అట, రేటు ఎక్కువే. ఇంట్లో పాకే పాప ఉంది. కొనొచ్చా?

మారతహళ్లి_రమణ: చేతిపనే, కాకపోతే ఆ చేతిలో ఉండేది టఫ్టింగ్ గన్, అంటే దారం గుచ్చే మెషిన్. చట్రానికి బిగించిన గుడ్డలోకి దారం గుచ్చుకుంటూ పోయి, ఊడిపోకుండా వెనక లేటెక్స్ జిగురు పూసి, పైన ఇంకో గుడ్డ అంటిస్తారు. ఎలాంటి వంపయినా తొందరగా వస్తుంది కాబట్టి ఈ కొత్త డిజైన్లు అందులో ఎక్కువ. కానీ ఏళ్లు గడిచేకొద్దీ జిగురు ఎండి రాలుతుంది, మా ఇంట్లో కార్పెట్ ఎత్తితే టైల్స్ మీద గోధుమపిండి జల్లినట్టు ఉండేది. పాకే పాప ఉంటే నేనైతే వద్దంటాను. ఎక్కడ కొన్నా మూల ఎత్తి వెనక్కి తిప్పి చూడండి. గుడ్డ అంటించి ఉంటే టఫ్టెడ్. చేత్తో ముడులేసిందైతే వెనక కూడా డిజైన్ ముడుల్లో కనిపిస్తుంది, దాని ధర మాత్రం మనం తట్టుకోలేం.

ఓరుగల్లు_అమ్మాయి: మాది వరంగల్. శ్రావణి గారూ, మీరు చెప్పిన రంగులకి జంపఖానా చూడండి. మా కొత్తవాడ మగ్గాల మీద నేస్తారు, 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. అడ్డంగా నేసే పేక దారం నిలువు దారాలైన పడుగుని పూర్తిగా కప్పేస్తుంది, కనిపించే రంగంతా పేకదే. రంగు మారేచోట పక్కపక్క పేకలు ఒకదాంట్లో ఒకటి మెలిపడతాయి, దగ్గరగా చూస్తే ఆ అంచు సన్నటి పళ్లలా ఉంటుంది. జిగురు లేదు, బొచ్చు లేదు, ఒకవైపు వెలిస్తే తిప్పేసి పరుచుకోవడమే. (కలంకారీ అచ్చు వేసినవైతే అలా కుదరదు.) ‘పెళ్లిళ్లలో పరిచేవి కదా’ అని మనవాళ్లే తీసిపారేస్తుంటే బాధేస్తుంది, ఇప్పటి డిజైన్లు చూస్తే ఆ మాట అనరు.

హెచ్ఎస్ఆర్_కిరణ్: బెంగళూరులో ఉంటూ పక్కవాళ్లవి వదిలేస్తే ఎలా! ధార్వాడ్ జిల్లా నవల్‌గుంద్‌లో ఆడవాళ్లే నేసే జంపఖానాలు ఉన్నాయి, నెమళ్లు, పచ్చీసు ఆట పలక డిజైన్లతో. తమిళనాడులో ఈరోడ్ దగ్గర భవానివి ఇంకోరకం, అడ్డచారలు ఒక్కో రంగులో కళ్లు జిగేల్‌మంటాయి. రెండింటికీ జీఐ ఉంది.

వైట్‌ఫీల్డ్_శ్రావణి: జంపఖానాకే ఓటు. రంగు దిగుతుందా? మా టైల్స్ మీద జారదా?

మారతహళ్లి_రమణ: తడిపిన తెల్ల కర్చీఫ్‌తో ముదురు రంగు మీద గట్టిగా రుద్దండి, రంగు దానికి అంటుకుంటే ఆ జంపఖానా కొనకండి. జారడం నిజమే, కింద రబ్బరు వల పరవాల్సిందే, పాప నడక మొదలుపెట్టాక మరీ. సైజుకి ముందు న్యూస్‌పేపర్లు పరిచి చూసుకోండి, సోఫా ముందుకాళ్లు దాని మీదకి రావాలి, చిన్నది కొంటే హాలు మధ్యలో ముక్క పడేసినట్టుంటుంది. పడమటి కిటికీ ఉంటే ఎండకి రంగు వెలవకుండా కర్టెన్ వేయండి.

ఓరుగల్లు_అమ్మాయి: కొలతలు, రంగులు చెప్పి నేయించుకోవచ్చేమో కూడా అడగండి. ఫోన్‌లో ఫొటో చూసి రంగు ఖాయం చేయకండి, నూలు ముక్కలు తెప్పించుకుని మీ హాల్లో పగటి వెలుగులో ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూసి చెప్పండి.