1942–45 మధ్య పుట్టినవాళ్ల జాతకంలో గంట తీసెయ్యాలా?

కోటిపల్లి రేవు:
యుద్ధం రోజుల్లో, 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా, దేశంలో గడియారాలు గంట ముందుకు జరిపారు. గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలకు బదులు ఆరున్నర. ఇప్పుడు జాతకం వేసేవాళ్లందరూ ఆ మూడేళ్లలో పుట్టారంటే చాలు, కళ్లు మూసుకుని గంట తీసేస్తున్నారు. మా మేనత్త స్వభాను సంవత్సరం మాఘ శుద్ధ దశమినాడు, అంటే 1944 ఫిబ్రవరిలో, ద్రాక్షారామం దగ్గర పల్లెలో పుట్టింది. తాతగారి పుస్తకంలో "ఉదయం 9 గంటలు, 6¼ ఘడియలు, మీన లగ్నం" అని ఉంది. గంట తీస్తే లగ్నం, అంటే పుట్టిన వేళకి తూర్పున ఉదయించే రాశి, కుంభం అవుతుంది. తీయకూడదని నా వాదన.

పాత పేపర్లు:
తీయాలండీ. లెక్క చూడండి. ఆ రోజుల్లో మనకి సూర్యోదయం పాత టైం ప్రకారం సుమారు ఆరున్నరకి. కొత్త గడియారంలో 9 అంటే అసలు 8. సూర్యోదయం నుంచి గంటన్నర, ఘడియకి 24 నిమిషాలు కాబట్టి 3¾ ఘడియలు రావాలి. 6¼ వచ్చిందంటే తాతగారు కొత్త టైంలోంచి పంచాంగంలోని పాత టైం సూర్యోదయాన్ని తీసేశారు. సరిగ్గా రెండున్నర ఘడియలు, అంటే గంట, ఎక్కువ పడింది.

సూరిబాబు కాకినాడ:
పంచాంగంలో టైం స్థానికమా స్టాండర్డా అని గొడవ వద్దు. స్టాండర్డ్ టైంకి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ మా కాకినాడ మీదుగానే వెళ్తుంది, స్కూల్లో చదివాం.

లంక గాలి:
కాకినాడ 82.2 దగ్గర ఉంది, రేఖ ఊరికి తూర్పున సముద్రంలో పోతుంది. ఏదైనా తేడా ఒకటి రెండు నిమిషాలే, ఈ జాతకానికి పనికొచ్చేది కాదు.

కోటిపల్లి రేవు:
పేపర్లు గారూ, మీ లెక్క సగమే. ఆ ఇంట్లో గడియారం అసలు తిప్పలేదనుకోండి, 9 అంటే పాత 9, అప్పుడు 6¼ ఘడియలు అక్షరాలా సరిపోయాయి కదా! తాతగారు తప్పు చేశారని మీరెలా తేల్చారు?

పాత పేపర్లు:
సర్కారు ఉత్తర్వు ఉంది, కోర్టూ తంతీ రైలూ అన్నీ ఆ టైంతోనే నడిచాయి. ద్రాక్షారామం స్టేషన్ ఉన్న ఊరు. రైలొచ్చే వేళకి గడియారం సరిచేసుకోకుండా ఎవరుంటారు?

కోటిపల్లి రేవు:
ఏ రైలండీ? కాకినాడ–కోటిపల్లి లైను పట్టాలు 1940లోనే పీకి యుద్ధానికి పట్టుకెళ్లారు. మళ్లీ రైలు చూసింది 2004లో. ఇది తెలియకుండానే మా ఊరి గడియారం ఎన్ని కొట్టిందో చెప్తారా?

పాత పేపర్లు:
సామర్లకోటలో మెయిన్ లైను ఉంది.

కోటిపల్లి రేవు:
సామర్లకోట కూత మా ఊరికి వినపడదు.

అట్లతద్ది:
రైలు వదిలేయండి బాబూ. కంప్యూటర్లు వాడే టైమ్‌జోన్ డేటాబేస్‌లో చూడండి, అందులో 1941 అక్టోబరు నుంచి 1942 మే దాకా కూడా ఆరున్నరే ఉంది. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డ టైం కూడా మార్చాలి మరి.

లంక గాలి:
ఆ వరస పేరు ఆసియా కోల్‌కతా. 1970 నుంచి గడియారం ఒకేలా నడిచిన ప్రాంతాన్ని ఒక పేరు కింద పెడతారు, అంతకు ముందు చరిత్ర పేరున్న ఊరిదే. 1906కి ముందు బొంబాయి టైం, కలకత్తా టైం, మద్రాసు టైం వేరువేరుగా ఉన్న దేశం మనది, బొంబాయి 1955 దాకా తన టైం వదల్లేదు. కలకత్తా వరస చూసి కాకినాడకి తీర్పు చెప్పకూడదు.

పాత పేపర్లు:
సరే, అది బెంగాల్ గొడవ. 1942 సెప్టెంబరు మార్పు మాత్రం దేశమంతటికీ. రేవు గారికి ఉత్తర్వు నచ్చట్లేదు, అంతే. ఇంటి పుస్తకం మీద మమకారంతో చరిత్ర రాయలేం.

కోటిపల్లి రేవు:
మమకారమే. అత్తకి ఇరవయ్యేళ్లప్పుడు కుదిరిన సంబంధం ఒక సిద్ధాంతి గంట తీసి చెడగొట్టారు. వృషభంలో కుజుడు. మీనానికి మూడో ఇల్లు, దోషం లేదు. కుంభానికి నాలుగు, కుజదోషం. తాతగారు పుస్తకం చేత్తో పట్టుకుని మొత్తుకున్నా వినలేదట, "ప్రభుత్వమే మార్చింది కదా" అన్నారట, మీరన్నట్టే. ఆవిడకి పెళ్లి కాలేదు. ఉత్తర్వు లేదని నేననట్లేదు. ఉత్తర్వు ఢిల్లీలో ఉంటే పల్లెలో ముల్లు తిరిగినట్టేనా అని అడుగుతున్నాను.

పాత పేపర్లు:
బాధ అర్థమైంది. కానీ తిరగలేదనడానికి కాగితం మీ దగ్గరా లేదు. ఇంటి పుస్తకం రాసినవాడే దానికి సాక్షి అంటే నేనొప్పుకోను.

లంక గాలి:
మీ తగువు గంట గురించి కాదు, ఆ ఇంటి గడియారం గురించి. దానికి గెజిట్టూ పనికిరాదు, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలూ పనికిరావు, ఉత్తర్వు వచ్చిందని మాత్రమే చెప్తాయి. రేవు గారూ, అదే పుస్తకంలో తాతగారు చంద్రగ్రహణం ఏదైనా రాశారేమో చూడండి. పంచాంగంలోంచి ఎక్కించింది కాదు, పట్టు విడుపులు చూసి గడియారం టైం వేసుకున్నది. గ్రహణం ఎప్పుడు పట్టిందో ఇవాళ నిమిషంతో సహా లెక్కకట్టొచ్చు. ఇంట్లో రాసుకున్న టైం దానికి గంట ఎక్కువుంటే ముల్లు తిప్పారు, లేకపోతే తిప్పలేదు.

పాత పేపర్లు:
1943లో గ్రహణం దొరికితే 1943లో గడియారం తెలుస్తుంది. 1944 మాఘం నాటికి తిప్పి ఉండొచ్చు.

కోటిపల్లి రేవు:
ముందు దొరకనివ్వండి. పుస్తకం పెద్దనాన్న గారింట్లో ఉంది, ఆదివారం వెళ్తున్నాను. ఆ మూడేళ్ల పేజీలన్నీ ఫొటోలు తీసి ఇక్కడే పెడతాను, గంట ఎక్కువున్నా సరే పెడతాను.