సర్వీసెస్‌లో కారులో నిద్రపోతే 100 పౌండ్ల నోటీసు: కట్టేయాలా, ఎదిరించాలా?

గ్లాస్గో గోదారి

అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చారు. హీత్రోలో విమానం ఆలస్యంగా దిగడంతో బయటపడేసరికి రాత్రి తొమ్మిది దాటింది. నేనొక్కడినే డ్రైవర్‌ని. ఎం6 మోటార్‌వే మీద ఉత్తర ఇంగ్లాండ్‌లోని కంబ్రియా దాకా వచ్చేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి. టైరు రోడ్డు అంచు గీత మీదికెక్కి గరగరమనేసరికి భయమేసి, పక్కనే సర్వీసెస్ (మోటార్‌వే పక్కన తినడానికి, విశ్రాంతికి ఆగే చోటు) కనిపిస్తే అందులోకి తిప్పాను. అమ్మానాన్నలకు టీ ఇప్పించి, సీటు వెనక్కి వాల్చి పడుకున్నాను. లేచి బయల్దేరేసరికి దాదాపు మూడు గంటలైంది.

పది రోజులకు అక్కడి పార్కింగ్ కంపెనీ నుంచి మా ఆవిడ పేరు మీద ఉత్తరం వచ్చింది. కారు ఆవిడ పేరు మీదే ఉంది. కెమెరాలో లోపలికి వచ్చిన ఫోటో, బయటికి వెళ్ళిన ఫోటో పెట్టి, రెండు గంటల ఉచిత సమయం దాటింది కాబట్టి 100 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 60 అని రాశారు.

నా వాదన ఇది. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 91వ నియమం ఏం చెబుతుంది? రెండు గంటలకోసారి కనీసం 15 నిమిషాలు ఆగమంటుంది. నిద్ర వస్తుంటే హార్డ్ షోల్డర్ (మోటార్‌వే అంచున అత్యవసరానికి వదిలిన పట్టీ) మీద కాకుండా క్షేమమైన చోట ఆపమంటుంది. మోటార్‌వే పొడవునా 'అలసట ప్రాణం తీస్తుంది, విశ్రాంతి తీసుకోండి' అని బోర్డులు పెట్టారు. ఆ మాట విని ఆగినవాడికి బిల్లు వేస్తారా? ఆ సమయంలో పార్కింగ్ సగానికి పైగా ఖాళీగా ఉంది. నేను ఎవరి చోటూ ఆక్రమించలేదు. 60 కట్టడం నాకు కష్టం కాదు, కానీ ఇది తప్పని గట్టిగా అనిపిస్తోంది. మీరేమంటారు?

మిల్టన్‌కీన్స్ మావయ్య

బాబూ, క్షేమంగా ఇల్లు చేరారు, అది చాలు. 60 కట్టేసి మర్చిపోండి.

కారణం చెబుతాను. 2015 నవంబరులో ఇక్కడి సుప్రీంకోర్టు పార్కింగ్‌ఐ అనే పార్కింగ్ కంపెనీకీ బీవిస్ అనే డ్రైవర్‌కీ మధ్య కేసులో తీర్పు ఇచ్చింది. చెమ్స్‌ఫర్డ్‌లో ఒక షాపింగ్ పార్కు, అక్కడ కూడా రెండు గంటలే ఉచితం. బీవిస్ 56 నిమిషాలు ఎక్కువ ఉన్నారు, 85 పౌండ్లు వేశారు. కంపెనీకి నష్టం లేనప్పుడు అంత వేయడం అన్యాయమని ఆయన చివరిదాకా పోరాడి ఓడిపోయారు. జనం వచ్చిపోతూ ఉండేలా చూసుకోవడం స్థల యజమానికి న్యాయమైన అవసరమే, బోర్డుల్లో మొత్తం స్పష్టంగా రాశారు కాబట్టి ఛార్జీ చెల్లుతుందని కోర్టు అంది. మీ కేసు దానికి అన్నదమ్ములా ఉంది.

లెస్టర్ వాసి

మావయ్య గారు చెప్పిన తీర్పు నిజమే, కానీ దానర్థం ప్రతి నోటీసూ చెల్లుతుందని కాదు. ఆ కేసులో బోర్డులు పెద్దవి, చాలా ఉన్నాయి, తేలిగ్గా చదవగలిగేలా ఉన్నాయి. అందుకే ఒప్పందం కుదిరినట్టు లెక్క. రాత్రి రెండింటికి మీరు వచ్చిన దారిలో బోర్డుకు వెలుతురు ఉందా? కారు ఆపిన చోటు నుంచి చదవగలరా? మొదటి అప్పీలులో అడగాల్సింది ఇది.

ఇక తేదీలు. ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్ 2012లో నాలుగో షెడ్యూల్ అని ఒకటి ఉంది. డ్రైవర్ ఎవరో తెలియనప్పుడు కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ దగ్గర వసూలు చేసే హక్కు దాని ద్వారానే వచ్చింది. అద్దానికి కాగితం అంటించకుండా కెమెరాతో పట్టుకుంటే, మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లోపు ఉత్తరం ఇంటికి చేరాలి. ఆలస్యమైతే కారు యజమాని మీద ఆ హక్కు పోతుంది, డ్రైవర్ మీద మాత్రం ఉంటుంది. మీకు పదో రోజున వచ్చిందన్నారు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. అయినా ఉత్తరంలో చట్టం అడిగిన మాటలన్నీ ఉన్నాయో లేదో ఒకసారి చదవండి. కొన్ని కంపెనీలు ఆ షెడ్యూల్ ఊసే ఎత్తవు.

ఇంకొకటి. అప్పీలు మీ ఆవిడ గారి పేరుతోనే వెళ్ళాలి, 'నేను నడిపాను', 'నేను పడుకున్నాను' అని అందులో ఎక్కడా రాయకండి. డ్రైవర్ ఎవరో చెప్పాలన్న బాధ్యత ప్రైవేటు కంపెనీ విషయంలో ఆమెకు లేదు.

మిల్టన్‌కీన్స్ మావయ్య

డ్రైవర్ పేరు దాచిపెట్టడం నాకు నచ్చదు. ఆయనే నడిపారు, ఆయనే పడుకున్నారు. ఉన్నదున్నట్టు చెప్పి వాదించాలి.

లెస్టర్ వాసి

అబద్ధం చెప్పమనలేదండి. అడిగినా చెప్పనవసరం లేదని చట్టమే అన్నప్పుడు మౌనంగా ఉండటం తప్పెలా అవుతుంది? పోలీసులు అడిగితే వేరే సంగతి, చెప్పి తీరాలి. ఇది డబ్బు విషయంలో ఇద్దరి మధ్య తగాదా. అవతలివాళ్ళు ఒక్కో వివరానికి 2.50 పౌండ్లు ఇచ్చి వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ దగ్గర మన చిరునామా కొనుక్కుంటున్నారు. వాళ్ళకు కావాల్సిన రుజువు మనమే చేతికి ఎందుకివ్వాలి?

రాత్రి డ్యూటీ నర్సు

నేను అలసట గురించి మాట్లాడతాను, ఇక్కడ ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు.

గోదారి గారూ, మీరు చెప్పిన 91వ నియమమే పూర్తిగా చదివితే, నిద్ర వస్తుంటే రెండు కప్పుల కాఫీ తాగి కనీసం 15 నిమిషాల కునుకు తీయమని ఉంటుంది. కంపెనీ వాళ్ళు ఇదే పట్టుకుంటారు: 15 నిమిషాలు చాలన్నప్పుడు రెండు గంటలు ఇచ్చాం కదా అని. కాబట్టి ఆ వాదన ఒక్కటే నమ్ముకోకండి.

అయినా నేను మీ పక్షమే. చిన్న కునుకు పనిచేసేది ఒకపూట అలసటకు. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య ఒళ్ళు నిద్ర అడుగుతూనే ఉంటుంది. ఆ వేళలో కాఫీ తాగి స్టీరింగ్ పట్టుకుంటే అరగంటకు మళ్ళీ తల వాలుతుంది. పన్నెండు గంటల షిఫ్టు చేసి ఇంటికి కారు నడిపేవాళ్ళందరికీ ఇది తెలుసు. గాఢనిద్రలో ఉన్నవాడు రెండు గంటలయ్యేసరికి అలారం పెట్టుకుని లేచి, మత్తు వదలకుండానే మోటార్‌వే ఎక్కాలా? పగలు రెండు గంటలు పెట్టుకోండి, అభ్యంతరం లేదు. రాత్రి పదకొండు నుంచి ఆరు దాకా నాలుగు గంటలు ఉచితం చేయాలి. దానివల్ల ఎవరికీ చోటు తక్కువ కాదు.

వ్యాన్ డ్రైవర్, బర్మింగ్‌హామ్

అక్కా, మీ మాట మంచిదే కానీ రాత్రి ఖాళీగా ఉంటుందన్నది అన్ని చోట్లా నిజం కాదు. నేను రాత్రుళ్ళు ఎం1, ఎం6 మీదే తిరుగుతాను. ఊళ్ళకు దగ్గరగా ఉన్న సర్వీసెస్‌లో కొందరు తమ కారు వదిలేసి ఇంకొకరి కారులో వెళ్ళిపోతారు, మర్నాడు సాయంత్రం వస్తారు. హద్దు లేకపోతే మనలాంటి వాళ్ళకు నిలబెట్టే చోటే ఉండదు. ఇంగ్లాండ్‌లో మోటార్‌వే మీద బోర్డు పెట్టుకోవాలంటే సర్వీసెస్ 24 గంటలూ తెరిచి ఉండాలి, రెండు గంటల పార్కింగు, టాయిలెట్లు ఉచితంగా ఇవ్వాలి. వాటి ఖర్చు మాత్రం ఆ సర్వీసెస్ నడిపే కంపెనీయే భరించాలి.

పైగా రెండు గంటలు దాటితే డబ్బు కట్టి ఉండే ఏర్పాటు చాలా చోట్ల ఉంది. లోపల మిషన్‌లో గానీ, ఫోన్లో గానీ, షాపులో గానీ కట్టొచ్చు. 100 పౌండ్ల కంటే చాలా తక్కువ. మన వాళ్ళకు ఈ సంగతి తెలియదు. విజయవాడ హైవేలో దాబా ముందు బండి ఆపి పడుకున్నట్టే ఇక్కడా పడుకోవచ్చనుకుంటారు.

గ్లాస్గో గోదారి

తమ్ముడూ, కట్టడానికి సిద్ధంగానే ఉండేవాణ్ణి. నిద్ర కళ్ళతో వచ్చినవాడికి ఆ సంగతి కనబడేలా చెప్పాలి కదా! లోపలికి వచ్చే వంపులో స్తంభం మీద చిన్న అక్షరాలతో రాస్తే కారు నడుపుతూ ఎలా చదవను? టీ కొన్న కౌంటర్ దగ్గర ఒక్క మాట ఉన్నా చాలేది. నేను పరిమితే వద్దనడం లేదు. అలసిపోయినవాణ్ణి పట్టుకోవడానికి కెమెరా పెట్టారు, అతనికి చెప్పడానికి మనిషిని పెట్టలేదు అంటున్నాను. బీవిస్ గారిది పట్టపగలు షాపింగ్. షాపు మూసేశాక ఇంటికి వెళ్ళొచ్చు. మోటార్‌వే మీద అర్ధరాత్రి ఇంకెక్కడికి వెళ్ళాలి?

కొత్త స్టూడెంట్, షెఫీల్డ్

నాకూ ఇలాంటిదే వచ్చింది అన్నా, చాలా టెన్షన్‌గా ఉంది. కట్టకపోతే వీసాకి ఇబ్బంది అవుతుందా? పోలీసు కేసా?

లెస్టర్ వాసి

కాదు తమ్ముడూ. ఇది ప్రైవేటు కంపెనీ బిల్లు, నేరం కాదు, పోలీసులకు సంబంధం లేదు. కానీ ఉత్తరాలను చెత్తబుట్టలో వేయకు. పట్టించుకోకపోతే వసూలు కంపెనీ పేరుతో ఇంకో 70 పౌండ్లు కలుపుతారు. ఆ తర్వాత కౌంటీ కోర్టు దాకా వెళ్ళొచ్చు. కోర్టు కాగితానికి గడువులోగా జవాబివ్వకపోతే నీకు వ్యతిరేకంగా తీర్పు వస్తుంది. ఆ తీర్పు వచ్చిన నెలలోపు డబ్బు కట్టకపోతే ఆరేళ్ళు రికార్డులో ఉండి ఇల్లు అద్దెకు తీసుకోవడానికి, లోనుకు అడ్డొస్తుంది. ఇల్లు మారినప్పుడు వీ5సీ లాగ్‌బుక్‌లో (కారు రిజిస్ట్రేషన్ పత్రం) చిరునామా మార్చుకో. మన కుర్రాళ్ళు ఏడాదికో ఇల్లు మారతారు, కోర్టు ఉత్తరం పాత ఇంటికి వెళుతుంది, తీర్పు వచ్చిన సంగతే తెలియదు.

మిల్టన్‌కీన్స్ మావయ్య

అందుకే 60 కట్టమంటున్నాను. కోర్టులో ఓడితే ఛార్జీ, కోర్టు ఫీజులు, వడ్డీ కలిపి 200 దాటొచ్చు.

లెస్టర్ వాసి

కోర్టుకు ముందు రెండు మెట్లు ఉన్నాయి మావయ్య గారూ, వాటికి డబ్బు ఖర్చు లేదు. మొదట కంపెనీకి 28 రోజుల్లో అప్పీలు. 14 రోజుల్లోపే పంపితే, అది తిరస్కరించినా చాలా కంపెనీలు 60కి మళ్ళీ అవకాశం ఇస్తాయి. తిరస్కరిస్తే, పార్కింగ్ కంపెనీలకు బీపీఏ, ఐపీసీ అని రెండు సంఘాలు ఉన్నాయి; ఆ కంపెనీ బీపీఏ సభ్యురాలైతే పోప్లా అనే అప్పీలు సంస్థకు, ఐపీసీ సభ్యురాలైతే ఐఏఎస్ అనే అప్పీలు సంస్థకు వెళ్ళొచ్చు. పోప్లాలో మనం గెలిస్తే కంపెనీ కట్టుబడాలి. ఓడితే తగ్గింపు పోతుంది, కాబట్టి బోర్డుల ఫోటోలో, తేదీల తేడానో చేతిలో ఉంటేనే వెళ్ళండి. 'అలసిపోయాం' అన్న కారణంతో పోప్లా నోటీసు రద్దు చేయదు. వాళ్ళు చూసేది ఒప్పందం చెల్లుతుందా లేదా అన్నదే.

అలసట గురించి చెప్పాల్సింది సర్వీసెస్ నడిపే యాజమాన్యానికి. పార్కింగ్ కంపెనీని పెట్టుకున్నది వాళ్ళే, రద్దు చేయమని చెప్పగలిగేదీ వాళ్ళే. టీ కొన్న రసీదు లేదా బ్యాంకు స్టేట్‌మెంట్, విమానం దిగిన సమయం, వెంట పెద్దవాళ్ళు ఉన్నారన్న సంగతి జతచేసి మర్యాదగా రాయండి. కొనుక్కున్న కస్టమర్ అడిగితే రద్దు చేయించినవాళ్ళు ఉన్నారు. ఆ ఉత్తరంలో కూడా 'డ్రైవర్' అనే రాయండి, 'నేను' అని కాదు.

గ్లాస్గో వదిన

ఒక్క మాట. గోదారి గారి సర్వీసెస్ కంబ్రియాలో ఉంది కాబట్టి పైన చెప్పిన చట్టం వర్తిస్తుంది. ఇంకో గంట నడిపి స్కాట్లాండ్‌లో ఎం74 మీద ఆపి ఉంటే ఆ నాలుగో షెడ్యూల్ వర్తించదు, అది ఇంగ్లాండ్, వేల్స్‌కే. మన గ్లాస్గో గ్రూపుల్లో రెండూ కలిపేసి సలహాలు ఇస్తున్నారు.

వ్యాన్ డ్రైవర్, బర్మింగ్‌హామ్

రద్దు చేస్తే సంతోషమే. కానీ నర్సక్క అడిగిన నాలుగు గంటలు మాత్రం నేను ఒప్పుకోను. రాత్రి మూడున్నరకి చోటు లేక చుట్టూ తిరిగిన రోజులు నాకున్నాయి.

రాత్రి డ్యూటీ నర్సు

ఒకే రేటు, ఒకే గడువు పెట్టి చోటు వదిలేసి పోయేవాణ్ణీ నిద్రపోయేవాణ్ణీ ఒకే గాటన కడుతున్నారు, నా అభ్యంతరం అదే. కారులో మనిషి ఉన్నాడా లేదా అన్నది కెమెరా చూడదు. రాత్రిపూట ఒక సెక్యూరిటీ మనిషి వచ్చి అద్దం తట్టి 'రెండు గంటలు దాటుతోంది, ఇక్కడ డబ్బు కట్టి పడుకోండి' అని చెప్పే ఏర్పాటు పెడితే మీకు చోటూ దొరుకుతుంది, ఆయనకు నోటీసూ రాదు.

గ్లాస్గో గోదారి

దానికి మీరూ నేనూ ఒప్పుకున్నట్టే. ఈ రాత్రికే యాజమాన్యానికి ఉత్తరం రాస్తున్నాను, మా ఆవిడ పేరుతో కంపెనీకి అప్పీలు కూడా గడువులోపే వెళుతుంది. కంబ్రియా వైపు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే రాత్రిపూట ఆ బోర్డుల ఫోటోలు తీసి పెట్టగలరా? సర్వీసెస్ పేరు ఇక్కడ రాయను, విడిగా మెసేజ్ చేస్తాను.

గ్లాస్గో వదిన

శుక్రవారం రాత్రి అటే వస్తున్నాం. పంపండి, ఆగి తీస్తాం. రెండు గంటల్లోపే.