లాన్ టెన్నిస్‌ని కనిపెట్టింది వింగ్‌ఫీల్డా? పెరేరా, జెమ్‌లా?

బేస్‌లైన్:
ఏ క్విజ్ పుస్తకం తిరగేసినా లాన్ టెన్నిస్ (పచ్చిక మీద ఆడే టెన్నిస్) సృష్టికర్త మేజర్ వాల్టర్ వింగ్‌ఫీల్డ్, సంవత్సరం 1874 అనే ఉంటుంది. అది చదివినప్పుడల్లా నాకు మనసొప్పదు. ఆయన పేటెంట్‌కి పదిహేనేళ్ల ముందే, 1859 ప్రాంతంలో, బర్మింగ్‌హామ్‌లోని ఎడ్జ్‌బాస్టన్‌లో ఇద్దరు స్నేహితులు ఈ ఆట మొదలుపెట్టారు. ఒకరు హ్యారీ జెమ్, లాయరు. ఇంకొకరు ఆగూరియో పెరేరా, స్పెయిన్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ వ్యాపారి. ఆంప్టన్ రోడ్డులో పెరేరా ఇంటి పచ్చికే వాళ్ల కోర్టు. 1872లో ఇద్దరూ లెమింగ్టన్ స్పా అనే ఊరికి మారారు. అక్కడ మరో ఇద్దరు డాక్టర్లను కలుపుకొని, మేనర్ హౌస్ హోటల్ పచ్చిక మీద ఏకంగా క్లబ్బే పెట్టారు. పేటెంట్ కంటే ముందే క్లబ్బు ఉందంటే ఇంక అనుమానం ఏముంది? నా ఓటు వీళ్లకే. కాదనేవాళ్లు ఆధారంతో రండి.

సెంటర్ కోర్ట్:
కాదనేవాణ్ణి నేనున్నానండి. ఇంట్లో నలుగురు కలిసి ఆడుకుంటే అది కాలక్షేపం. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఊరూరా ఒకే ఆట ఆడగలిగితేనే అది క్రీడ. ఆ పని చేసింది వింగ్‌ఫీల్డే. లండన్ పిమ్లికోలో ఫ్రెంచ్ అండ్ కంపెనీ ద్వారా ఆయన అమ్మిన చెక్కపెట్టెలో ఏమున్నాయో చూడండి: రాకెట్లు, రబ్బరు బంతులు, నెట్, దాన్ని కట్టే గుంజలు, నియమాల చిన్న పుస్తకం. ధర 5 గినీలు (అప్పటి ఇంగ్లండ్ డబ్బు). క్రోకే (పచ్చిక మీద బంతిని చెక్క సుత్తితో కొట్టే ఆట) కోసం నున్నగా కత్తిరించిన పచ్చిక కలిగినవాళ్ల ఇళ్లలో అప్పటికే సిద్ధంగా ఉంది. గుంజలు పాతడమే తరువాయి. ఒకటి రెండేళ్లలో ఆట అమెరికా దాకా పోయింది. లెమింగ్టన్ క్లబ్బు ఆట లెమింగ్టన్ దాటి ఎంత దూరం పోయిందో చెప్పగలరా?

పాత పుటలు:
అసలు 19వ శతాబ్దం దగ్గరే ఎందుకు ఆగిపోయారు? 12వ శతాబ్దానికే ఫ్రాన్స్ మఠాల్లో అరచేత్తో బంతి కొట్టే జ్యూ ద పోమ్ ఉంది. 1292 నాటి పారిస్ పన్నుల జాబితాలో బంతులు చేసేవాళ్లు 13 మంది కనిపిస్తారు. ఇంగ్లండ్‌లో రాజు ఎనిమిదో హెన్రీ హాంప్టన్ కోర్టు ప్యాలెస్‌లో ఆడేవాడు. మనం చెప్పుకునే 15, 30, 40 లెక్క కూడా ఆ పాత ఆటదే.

బేస్‌లైన్:
పాత పుటలు గారూ, వంశం అదేనని ఒప్పుకుంటాను. కానీ అది నాలుగు గోడల మధ్య, గోడకూ వాలు చూరుకూ బంతిని తగిలిస్తూ ఆడేది. లోపల ఊలో వెంట్రుకలో కుక్కి చేసిన ఆ బంతి గడ్డి మీద లేవదు. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ చేసిన గడ్డి కోసే యంత్రం, 1840లలో గుడ్‌ఇయర్ పద్ధతిలో గట్టిపరిచిన రబ్బరు, ఈ రెండూ వచ్చాకే ఆట ఆరుబయట సాధ్యమైంది. కాబట్టి ఇది కొత్త ఆటే.

సెంటర్ కోర్ట్ గారూ, మీ మేజర్ గారి కోర్టు ఆకారం చూశారా? నెట్ దగ్గర సన్నగా, రెండు చివర్లా వెడల్పుగా, అచ్చం డమరుకం. సర్వీస్ ఒక వైపు నుంచే చెయ్యాలి. లెమింగ్టన్‌లో గీసుకున్నది దీర్ఘచతురస్రం. ఈ రోజు మనం ఆడే కోర్టు ఏది?

స్కోరర్:
ఈ రోజు మనం ఆడే కోర్టు వాళ్లెవరిదీ కాదు. 1875లో ఎంసీసీ (లండన్‌లోని మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్) నియమాలు రాసి పొడవు 78 అడుగులు చేసింది. వెడల్పు మాత్రం నెట్ దగ్గర 24, చివర్లో 30, అంటే డమరుకం అలాగే ఉంది. 1877లో వింబుల్డన్ మొదటి టోర్నీ కోసం హెన్రీ జోన్స్, జూలియన్ మార్షల్, హీత్‌కోట్ కూర్చుని దాన్ని అంతటా 27 అడుగులు చేశారు. రాకెట్స్ అనే గోడ ఆట నుంచి వచ్చిన, 15 పాయింట్లకు గేమ్ అనే లెక్క తీసేసి, 15, 30, 40 అనే పాత ఫ్రెంచి లెక్క పెట్టారు. 22 మంది ఆడిన ఆ టోర్నీలో స్పెన్సర్ గోర్ గెలిచాడు. ఇప్పటికీ సింగిల్స్ కోర్టు 78కి 27 అడుగులే. నా లెక్కలో ఘనత ఈ ముగ్గురిదే.

సెంటర్ కోర్ట్:
ఆ ముగ్గురికి పని పడింది ఎందుకు? పెట్టెలు కొని వేలమంది ఆడుతున్నారు, తలో రకంగా ఆడుతున్నారు కాబట్టి. వింగ్‌ఫీల్డ్ లేకపోతే ఎంసీసీకి రాయాల్సిన నియమాలే ఉండవు, వింబుల్డన్ క్లబ్బు క్రోకేతోనే సరిపెట్టుకునేది.

బేస్‌లైన్:
వ్యాప్తి ఆయనదే, కాదనను. నేనడిగింది కనిపెట్టింది ఎవరని. 1874 చివర్లో, వింగ్‌ఫీల్డ్ పెట్టెలు జోరుగా అమ్ముడవుతున్న రోజుల్లోనే, జెమ్ ‘ది ఫీల్డ్’ పత్రికకు ఉత్తరం రాశాడు. ఈ ఆటను పదిహేనేళ్ల క్రితం తెచ్చింది పెరేరా అన్నాడు. తాను కనిపెట్టానని అనలేదు, ఘనత స్నేహితుడికిచ్చాడు. అమ్ముకోవడానికి ఆయన దగ్గర పెట్టెలూ లేవు. సొంత లాభం లేని మనిషి చెప్పిన సాక్ష్యాన్ని నేను పక్కన పెట్టలేను.