ఎస్ట్రాడయోల్ పీక్ రెండో స్కాన్‌కే పడిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న
గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద డీపీవీతో (వోల్టేజిని చిన్న పల్స్‌లుగా మారుస్తూ కరెంటు కొలిచే పద్ధతి) ఎస్ట్రాడయోల్ అనే ఆడ హార్మోన్‌ని కొలుస్తున్నాను. ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 7. మొదటి స్కాన్‌లో 0.5 వోల్టుల దరిదాపుల్లో కరెంటు పీక్ చక్కగా వస్తుంది. రెండోసారికి సగం కూడా ఉండదు. చెరువు నీళ్లు పోస్తే అసలు పీకే లేదు. కొలిచే మెషిన్, అంటే పొటెన్షియోస్టాట్, పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1
మెషిన్ బాగానే ఉందండి. ఎస్ట్రాడయోల్‌లోని ఫినాల్ భాగం ఆక్సీకరణం చెందాక పుట్టే రాడికల్స్ ఒకదానికొకటి అతుక్కుని, ఎలక్ట్రోడ్ మీద పొరలా పేరుకుంటాయి. ఆ పొర కరెంటును అడ్డుకుంటుంది. ప్రతి స్కాన్ తర్వాత 0.05 మైక్రాన్ అల్యూమినాతో, పాలిషింగ్ గుడ్డ మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. ఎలక్ట్రోడ్ ముఖం అద్దంలా మెరిశాక కడిగి సోనికేట్ చేయండి, అంటే నీళ్లలో అల్ట్రాసౌండ్‌తో శుభ్రం చేయండి. ఆ ఓపిక లేకపోతే స్క్రీన్ ప్రింటెడ్ ఎలక్ట్రోడ్లు వాడండి, ఒక కొలతకు ఒకటి.

ప్రశ్న అడిగినవారు
థాంక్సండి. మరి చెరువు నీళ్ల సంగతి?

జవాబు 2
అసలు కష్టం అక్కడే ఉంది. 1 నానోమోలార్ ఎస్ట్రాడయోల్ అంటే లీటరుకు 272 నానోగ్రాములు. బయటి నీళ్లలో సాధారణంగా ఉండేది లీటరుకు కొన్ని నానోగ్రాములే, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. అంత తక్కువైతే ఏమవుతుందిలే అనుకోవద్దు. కెనడాలో పరిశోధనల కోసం కేటాయించిన 260వ నంబరు సరస్సులో 2001 నుంచి 2003 దాకా గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఇథినైల్ ఎస్ట్రాడయోల్‌ని లీటరుకు 5, 6 నానోగ్రాముల మోతాదులో కలిపారు. మగ చేపల్లో గుడ్డు పచ్చసొన ప్రొటీన్ తయారైంది, ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. బఫర్‌లో నానోమోలార్ దాకా కొలిచామని సంబరపడే పేపర్లు చూస్తే నాకు బాధేస్తుంది. చేపకు హాని జరిగే స్థాయి అంతకంటే ఎంతో కింద ఉంది.

కాబట్టి ముందు గాఢత పెంచండి. లీటరు నీటిని వడకట్టి సీ18 కార్ట్రిడ్జ్ (ఎస్ట్రాడయోల్ లాంటి పదార్థాలను పట్టి ఉంచే చిన్న గొట్టం) గుండా పంపి, మెథనాల్‌తో దింపి, ఒక మిల్లీలీటరుకు తగ్గిస్తే వెయ్యి రెట్ల దాకా పెరుగుతుంది. కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ ఆమ్లాలు కూడా కొంత వెంట వస్తాయి, అవీ ఎలక్ట్రోడ్‌ని పట్టేస్తాయి. అందుకే బఫర్‌లో గీసిన కాలిబ్రేషన్ గీతను నమ్మకుండా, అదే నీటిలో తెలిసిన మోతాదు కలుపుతూ స్టాండర్డ్ అడిషన్ చేయండి.

జవాబు 3
ఇంకో మాట. కొన్ని ప్లాస్టిక్‌ల తయారీలో వాడే బిస్ఫినాల్ ఏ కూడా ఫినాలే, దాని పీక్ దాదాపు అక్కడే వస్తుంది. ప్లాస్టిక్ సీసాలు మానేసి గాజువి వాడండి. కొన్ని నమూనాలైనా ఎల్‌సీ-ఎంఎస్‌తో (పదార్థాలను విడదీసి, అణువుల బరువును బట్టి గుర్తించే పరికరం) సరిచూసుకున్నాకే గైడ్‌కి చూపించండి.